పొట్ట వచ్చిన గోడ

నలభై ఏళ్ళుగా మేస్త్రి చేతుల మీద లేచిన గోడల్లో వంకర పోయిన గోడ ఒక్కటంటే ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ ఆయన ఏమరుపాటున కట్టలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కో ఇటుకా చెక్కి మరీ వంకరగా కట్టాడు. పైగా ఎవరైనా దాన్ని వంకర గోడ అంటే వాళ్ళ మీద ఇంతెత్తున లేచాడు.

మేస్త్రికి మతి పోయిందని వీధి వీధంతా అనుకుంది. మతి పోలేదు. పోయింది సుద్దక్క.

సుద్దక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండాలి. అది ఆఫీసు కాగితాల మీద సంతకానికి తప్ప ఇంక దేనికీ పనికొచ్చేది కాదు. ఆమె ఆర్కిటెక్టు. కట్టబోయే భవనం ఎలా ఉండాలో ముందే గీసి ఇచ్చే చదువు చదివింది. బొమ్మలు వేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు, దేవుడే చేతిలో పెట్టి పంపాడు. ఆమెతో చదువుకున్నవాళ్ళు మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూడాల్సిన మేడలు గీశారు. సుద్దక్క గీసినవేమో బస్సులు కడిగేవాళ్ళకు స్నానాల గది, పేదల ఆస్పత్రిలో ఇంజెక్షన్ల గది, చూపు లేని పిల్లల బడికి వరండా, బరువులు మోసేవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి ఓ షెడ్డు. ప్రారంభోత్సవం రోజున గుమ్మానికి రిబ్బను కడితే, కట్టినదానికంటే చేతిలో మిగిలిన రిబ్బనే ఎక్కువుండేది.

"ఇంకాస్త పెద్దవి గీయరాదా అక్కా" అని మేస్త్రి ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "నాలుగో అంతస్తు మీద నిలబడి తాపీ పట్టుకుని కిందికి చూడాలని ఉంది నాకు."

"చూసేం చేస్తావు తమ్ముడూ. అక్కణ్ణుంచి మనుషులు చీమల్లా ఉంటారట. ఇక్కడ మొహాలు కనిపిస్తున్నాయి."

మేస్త్రి మళ్ళీ అడగలేదు. అడగలేదు గానీ, పక్కవీధిలో ఎవరో ఐదంతస్తులు కడుతున్నారంటే ఆ దారిన నాలుగు రోజులు ఊరికే నడిచాడు.

కాగితం మీద గీసే ప్లాన్లంటే సుద్దక్కకు గిట్టేది కాదు. "కాగితం చూస్తే ఇంజనీరుకు అర్థమవుతుంది. ఆ గదిలో ఉండబోయేది ఇంజనీరు కాదు కదా" అనేది. ఆమె దగ్గర పాలపొడి డబ్బా ఒకటుండేది. మూతకు మేకుతో చిల్లులు పొడిచి, నిండా సుద్దపొడి పోసి, కట్టబోయే చోటికి తెల్లారేసరికి వచ్చేసేది. డబ్బా బోర్లించి పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, గది ఎంతుండాలో నేల మీద అంతా గీసేది. గోడకు గీత. గుమ్మం ఉన్నచోట ఖాళీ. కిటికీకి రెండు గీతలు. కాళ్ళకు బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో ఆమెను చూస్తే తెలిసేది.

మర్నాడు అసలు తమాషా. ఆ గది ఎవరికోసమో వాళ్ళందరూ తట్టాబుట్టా సర్దుకుని వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గీతల మధ్యే ఉండాలి. గీత దాటకూడదు. సుద్ద గుమ్మంలోంచే వెళ్ళాలి, సుద్ద గుమ్మంలోంచే రావాలి. దీనికి ఆమె పెట్టిన పేరు సుద్ద కాపురం. మొదటి గంటసేపు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమనేవాళ్ళు. రెండో గంటకు నవ్వులు తగ్గేవి. మధ్యాహ్నానికి పోట్లాటలు మొదలయ్యేవి. నడిమధ్య స్టూలు వేసుకుని సుద్దక్క వాళ్ళ మొహాల బొమ్మలు గీసుకుంటూ కూర్చునేది. చేయి బొమ్మ మీద, చెవి పోట్లాట మీద. "ఎక్కడ పోట్లాడుకుంటున్నారో అక్కడ గోడ తప్పు" అనేది. సాయంత్రం చెప్పులు విడిచి, ఉత్త కాలితో ఆ గీతను చెరిపేసి మళ్ళీ గీసేది. ఎంత చిన్న గదైనా సరే, మూడుసార్లకు తక్కువ చెరిపిన పాపాన పోలేదు.

పేదల ఆస్పత్రి సుద్ద కాపురం నాటి సంగతి వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాంపౌండరు సుద్ద గదిలో సుద్ద బల్ల వెనక బిగుసుకుని కూర్చున్నాడు. రోగం లేకపోయినా వచ్చి రోగిలా ఉండమని పిలిచిన తాత ఒకాయన తిన్నగా గీత తొక్కుకుంటూ లోపలికి వచ్చేశాడు.

"ఏం తాతా, గోడలోంచి వస్తున్నావేంటి" అన్నాడు కాంపౌండరు.

"నేను వచ్చేదారి ఇటు. నువ్వు గుమ్మం పెట్టింది అటు. జ్వరంతో ఉన్నవాడు నీ గోడ చుట్టూ ప్రదక్షిణం చేసి రావాలా?"

"జ్వరం లేదుగా నీకు."

"ఉన్నట్టు ఉండమన్నారుగా."

సుద్దక్క స్టూలు మీంచి లేచి, తాత వచ్చినవైపు గీతను కాలితో చెరిపి, అక్కడే గుమ్మం పెట్టింది. ఆస్పత్రి గుమ్మం ఇప్పటికీ అక్కడే ఉంది.

మెట్టు ఎత్తు కూడా ఆమె టేపుతో తేల్చేది కాదు. ఆ చోటికి వచ్చేవాళ్ళలో మోకాళ్ళ నొప్పులు ఎవరికి ఎక్కువో కనుక్కుని, వాళ్ళను పిలిచి, "నొప్పి తెలియకుండా కాలెంత ఎత్తగలరు" అని అడిగి, ఆ పాదం కింద ఇటుకలు పేర్చి చూసేది. టీ వస్తే అందరికీ అందిందా అని చూసి ఆఖరుకు తాగేది. చల్లారిపోయేది. చల్లారితేనే తనకు ఇష్టమని చెప్పేది. అది అబద్ధమని మేస్త్రికి పదేళ్ళ తరువాత గానీ తెలియలేదు.

గది పూర్తయ్యాక గోడ మీద బొమ్మ వేసేది. చదువు రానివాళ్ళకు ఏది ఏ గదో తెలియాలి కదా. ఇంజెక్షన్ల గది గుమ్మం పైన, కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, చేయి చాపిన మనిషి బొమ్మ వేసింది. ఆ మొహం మేస్త్రిది. మేస్త్రి నెల్లాళ్ళు ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేకపోయాడు.

"అందరూ నన్ను చూసి నవ్వుతున్నారక్కా."

"నవ్వుతూ లోపలికి వెళ్తున్నారుగా. సగం నొప్పి అక్కడే తగ్గింది. పుణ్యం నీకే."

మేస్త్రి భార్య మాత్రం ఏ వంక దొరికినా ఆస్పత్రికి వెళ్ళి ఆ బొమ్మను చూసి వచ్చేది. "ఇంత బుద్ధిగా ఇంట్లో ఎప్పుడూ కనిపించరు" అనేది.

ఇలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ఆమె గీయడం, ఈయన కట్టడం. చివరికి వీధులు ఊడ్చే ఆడవాళ్ళ గది వచ్చింది.

వాళ్ళు పదకొండు మంది. చీకటితో లేచి ఊడ్చడం మొదలుపెడితే ఎండెక్కేసరికి పని అయ్యేది. అప్పటికి తల నుంచి కాలిగోరు దాకా దుమ్ము. ఒళ్ళు కడుక్కునే చోటు లేదు, బట్టలు మార్చుకునే చాటు లేదు. మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద కూర్చుని తిని, దుకాణం తెరిచేవేళకు లేచిపోవాలి. వాళ్ళందరికీ పెద్ద దిక్కు ఒకావిడ. అందరూ ఆమెను పిన్ని అంటారు. ఆమె నోటికి దుకాణాలవాళ్ళు కూడా జంకుతారు. ఆ పిన్నే సుద్దక్క దగ్గరకు వెళ్ళి, "ఊరందరికీ గదులు గీశావు. ఊరు ఊడ్చేవాళ్ళం నీ కంటికి ఆనలేదా" అని అడిగింది. సుద్దక్క తన చెంప తనే వేసుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి, బజారు వెనక నీళ్ళ ట్యాంకు పక్కన కాస్త జాగా సంపాదించింది.

ఒక ఉదయం అక్కడ సుద్దతో రెండు గదులు గీసింది. ఒకటి స్నానాలకు, ఒకటి విశ్రాంతికి. మధ్యలో ఒక గోడ. "రేపు చాపలూ బకెట్లూ పట్టుకుని రండి, కాపురం పెడుదురు గాని" అని చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం జ్వరం తగిలింది. మూడోనాటికి పైవాడు పిలిపించుకున్నాడు. ఆయన ఇంట్లో ఏ గోడ ఎక్కడుండాలో తేలక పిలిచాడేమో మనకు తెలియదు. పిలిచినవాడి మీద మనం అలగకూడదు. మేస్త్రి అలిగాడు.

అలక ఎందుకంటే, గీసిన రోజున ఆయన ఊళ్ళో లేడు. చెల్లెలికి ఒంట్లో బాగా లేదంటే చూడబోయాడు. తిరిగొచ్చేసరికి అక్క లేదు. బస్సు దిగినవాడు ఇంటికైనా పోకుండా చేతిసంచితో తిన్నగా నీళ్ళ ట్యాంకు దగ్గరకు వెళ్ళాడు. తెల్లటి గీతలు ఎండలో మెరుస్తున్నాయి. అన్నీ తిన్నగా ఉన్నాయి, అక్క చేతి గీతలే. మధ్య గోడ గీత మాత్రం సగం దూరం తిన్నగా వచ్చి, అక్కడ స్నానాల గదివైపు జానెడు ఉబ్బి, మళ్ళీ లోపలికి తిరిగి తిన్నగా పోయింది. చూస్తే గోడకు పొట్ట వచ్చినట్టుంది.

మేస్త్రి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరువాత పనివాళ్ళను పిలిచి, "సరుకు దిగగానే పునాది. ఈ గీత ఎలా ఉందో గోడ అలా లేవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను" అన్నాడు.

"మరి సుద్ద కాపురం?" అంది పిన్ని.

"అక్క లేకుండా ఎవరు చెరుపుతారు, ఎవరు గీస్తారు? అక్క గీసింది, అంతే."

బతికున్నన్నాళ్ళూ ఆమె తన గీతను తనే మూడేసిసార్లు చెరుపుకుందన్న మాట ఆ క్షణాన ఆయనకు గుర్తు రాలేదు. గుర్తు చేసే ధైర్యం ఇంకొకరికి లేకపోయింది. మొహం అలా ఉంది.

ఆ రోజు నుంచి ఆ గీతలకు ఆయన పెట్టిన కాపలా అంతా ఇంతా కాదు. పగలంతా కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూసేవాడు. సాయంత్రం టార్పాలిన్ కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి వెళ్ళేవాడు. కుక్క అటు వస్తే రాయి, మనిషి అటు వస్తే కేక. ఏ గీతల మధ్య మనుషులు తిరగాలని ఆమె గీసిందో, ఆ గీతల చుట్టూ మనుషులు దూరంగా తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు.

పొట్ట ఎందుకన్నది మాత్రం వీధిలో పెద్ద చర్చ అయి కూర్చుంది. గాలి తిరగడానికని కాంపౌండరు. అక్కడ అద్దం పెట్టడానికని వీధి చివరి టైలరు. "అటువైపు ఉబ్బింది, ఇటువైపు గుంట పడింది. గుంటలో తలపెట్టుకుని పడుకోడానికేమో" అని మేస్త్రి భార్య. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు అద్దాలు సర్దుకుని, "ఇది పొరపాటులా ఉందే" అన్నాడు.

"మీరు చదివిన పుస్తకాలు ఆవిడ కూడా చదివింది సార్. మీరు చదవనివి కూడా చదివింది" అన్నాడు మేస్త్రి.

ఇంజనీరు అద్దాలు మళ్ళీ సర్దుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పిన్ని మొదటి రోజే ఏదో చెప్పబోయింది. "మేస్త్రీ, ఆవిడ ఈ గీత గీసినప్పుడు నేను ఇక్కడే..."

"ముందు అక్కణ్ణుంచి జరుగు పిన్నీ. చీపురు తగిలి సుద్ద చెదురుతుంది."

రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది. "అది కాదయ్యా, ఆ మధ్య గీత ఉంది చూడూ..."

"చీపురు, పిన్నీ, చీపురు."

మూడోసారి చీపురు దూరంగా నీళ్ళ ట్యాంకుకు ఆనించి మరీ వచ్చింది. అప్పటికి పునాది తీస్తున్నారు. "నీ కాలి కింద పలుగు ఉంది, చూసుకో" అన్నాడు మేస్త్రి. పిన్ని చేతులు నడుం మీద పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసి, "నీ కర్మ" అని వెళ్ళిపోయింది.

వంకర గోడ కట్టడం తిన్నటి గోడ కట్టినంత తేలిక కాదు. దారం లాగితే దారం తిన్నగా నిలబడుతుంది, గోడ తిన్నగా ఉండకూడదాయె. ప్రతి వరసలోనూ పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఇటుకను చెక్కాలి, చూడాలి, మళ్ళీ చెక్కాలి. మేస్త్రికి తల ప్రాణం తోకకు వచ్చింది. మిగతా గోడలు పనివాళ్ళకు వదిలేసి ఈ ఒక్కటి తనే పట్టాడు. నాలుగు రోజులకు అది ఛాతీ ఎత్తు లేచింది. మిగతావి మోకాలి ఎత్తులోనే ఉన్నాయి.

నాలుగోనాడు మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. ఆయన తినకుండా ఆ ఉబ్బు మీద అరచేయి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏమిటది, నెలలు లెక్కపెడుతున్నారా?" అంది.

ఆయన నవ్వలేదు. "ఇది అయిపోతే ఇంక అక్క గీసినది కట్టడం ఉండదే" అన్నాడు.

ఆవిడ క్యారేజీ మూత తీసి, ఆయన్ని కూర్చోబెట్టి, చేతికి నీళ్ళిచ్చి, పక్కన కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పిన్ని గోడ తడపడానికి రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చింది. స్నానాల గదిలో ఆ పొట్టకూ అవతలి గోడకూ మధ్య సందు ఇరుకు. బకెట్టు పోతే మనిషి పోదు, మనిషి పోతే బకెట్టు పోదు. పక్కకు తిరిగి దూరబోయింది. మోకాలు ఠక్కున పొట్టకు కొట్టుకుంది. బకెట్టు బోర్లాపడింది. పిన్ని ఆ తడిలోనే చతికిలబడి, మోకాలు పట్టుకుని, పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది.

"దెబ్బ తగిలిందా?" అని మేస్త్రి లేచాడు.

"ఆ తుమ్ము కాస్త ఆగి ఉంటే నా మోకాలు దక్కేదయ్యా."

"ఏ తుమ్ము?"

"ఆవిడ తుమ్ము. సుద్దక్కది."

మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఆవిడ గీస్తుందని మేం ఆ పొద్దున జాగా అంతా శుభ్రంగా ఊడ్చిపెట్టాం. దుమ్ము ఇంకా సర్దుకోలేదు. ఆవిడ డబ్బా పట్టుకుని వెనక్కి నడుస్తోంది. ఇక్కడికి వచ్చేసరికి ఒక తుమ్ము. చేయి అటు పోయింది. ఇంకొక తుమ్ము. ఇటు వచ్చింది. గీత చూసుకుని తనే నవ్వింది చూడూ, నిలబడలేక నా భుజం పట్టుకుంది. గోడకు కడుపొచ్చింది పిన్నీ, రేపు చూద్దాంలే దీని సంగతి అంది."

"మరి ఇన్ని రోజులు చెప్పవేం?"

"మూడుసార్లు చెప్పబోయా. రెండుసార్లు చీపురన్నావు, ఒకసారి పలుగన్నావు."

మేస్త్రి భార్య మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"నాలుగు రోజులు..." అన్నాడు మేస్త్రి. "నాలుగు రోజులు కూర్చుని తుమ్మును కట్టానన్నమాట."

"ఛాతీ ఎత్తు కట్టావు" అంది పిన్ని. "ఎవరు కట్టారయ్యా ఈ లోకంలో."

పనివాళ్ళు మాలు కలపడం ఆపి, పారలు కింద పడేసి నవ్వుతున్నారు. మేస్త్రికి ముందు కోపం వచ్చింది. తరువాత సిగ్గు వచ్చింది. ఆ రెండూ పోయాక ఇంకేదో వచ్చింది. ఆయన వెళ్ళి ఆ గోడ ముందు నిలబడ్డాడు. ఇప్పుడు దానిలో ఆయనకు అక్క స్పష్టంగా కనిపిస్తోంది. ఇదిగో మొదటి తుమ్ము. ఇదిగో రెండోది. ఇదిగో, ఇక్కడ తేరుకుని మళ్ళీ తిన్నగా నడిచింది.

"అయితే కానీ" అన్నాడు. "ఉండనీండి. తుమ్మైనా అది అక్కదే కదా. పోయినవాళ్ళ ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. తుమ్ము ఎవరి దగ్గరుంది?"

ఎవరూ నవ్వలేదు. పిన్ని మెల్లగా లేచి, తడి బట్టలు పిండుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇంత మెత్తగా ఆమె మాట్లాడగలదని వీధిలో ఎవరికీ తెలియదు.

"నీకు ఆవిడ గుర్తు కావాలి. కాదనను. నాకూ కావాలి. కానీ నాయనా, మాకు బకెట్టు పట్టే దారి కావాలి."

మేస్త్రి తాపీ కడిగి సంచిలో పెట్టుకుని, ఎండ ఇంకా నడినెత్తిన ఉండగానే ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, పిన్నీ వాళ్ళూ పని ముగించుకుని వచ్చే వేళకు, ఆయన కట్టీకట్టని గదుల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"చాపలు, బకెట్లు, గిన్నెలు, అన్నీ పట్టుకురండి" అన్నాడు. "కాపురం పెట్టండి. గోడలు దాటకూడదు."

"సుద్ద ఏది?"

"సుద్ద లేదు. ఇటుక కాపురం. కానీండి."

పదకొండు మందీ దిగారు. మొదటి గంట నవ్వులు. విశ్రాంతి గదిలో పదకొండు చాపలు పరిచారు, స్నానాల గదిలో క్యూ కట్టారు. మేస్త్రికి బొమ్మలు వేయడం రాదు కనక చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. రెండో గంటకు పోట్లాట వచ్చింది.

"నీ బకెట్టు నా కాలు మీద పెట్టావేమే."

"పెట్టడానికి ఇంకెక్కడుంది చోటు? నీ నెత్తిన పెట్టనా?"

"అవతల చాపలన్నీ ఖాళీగా పడున్నాయి. ఇక్కడ ఊపిరాడ్డం లేదు."

"ఎందుకు పడుండవూ. ఆరుగురం స్నానానికి వస్తే అక్కడ పడుకునేది ఐదుగురే. ఎప్పుడూ అంతే. అందరం ఒక్కసారి ఎప్పుడు పడుకున్నాం?"

మేస్త్రి ఆ మాట దగ్గర ఆగాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పొట్ట ఒక్కటే కాదు, గోడ మొత్తమే అక్కడ ఉండకూడదు. స్నానాల గదికి ఇంకో మూర కావాలి, విశ్రాంతి గదికి ఓ మూర తగ్గినా నష్టం లేదు. అక్క తుమ్మకపోయినా, గీత తిన్నగా వచ్చినా, సాయంత్రానికి ఆమె ఈ గీతను చెరిపే ఉండేది.

ఆయన లేచాడు. పనివాళ్ళలో ఒకడు సమ్మెట అందుకోబోతే, "నువ్వు ముట్టుకోకు" అన్నాడు. పైవరస నుంచి ఒక్కొక్క ఇటుకా తన చేత్తోనే ఊడదీయడం మొదలుపెట్టాడు. మాలు ఇంకా పచ్చిగానే ఉంది, ఇటుకలు విరగకుండా వస్తున్నాయి. ఆడవాళ్ళు అడగకుండానే వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని, అంటుకున్న మాలు గీకి పక్కన పేర్చారు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి నిదానించింది. పిన్ని చూసి, చెక్కిన ఇటుకలన్నీ విడిగా పెట్టించింది. అవి మేస్త్రి దాచుకోడానికి.

గోడ పోయింది. నేల మీద పునాది రాళ్ళు మిగిలాయి. వాటినీ తీశారు. అప్పుడు పిన్ని సుద్దక్క ఇంటికి వెళ్ళి పాలపొడి డబ్బా తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది.

ఇరవై ఆరేళ్ళు ఆమె గీసిన గీతల మీద నడిచినవాడు ఒక్కనాడూ ఆ డబ్బా పట్టలేదు. బోర్లించి, వెనక్కి నాలుగడుగులు వేశాడు. గీత పాము పాకినట్టు వచ్చింది.

"దీనికంటే ఆవిడ తుమ్మే నయం" అంది పిన్ని.

"మాట్లాడకు. చేయి వణుకుతుంది."

"నేను మాట్లాడకముందు వణికినట్టుందే."

మేస్త్రి చెప్పులు విడిచాడు. ఉత్త కాలితో గీత చెరిపాడు. మళ్ళీ గీశాడు, మళ్ళీ చెరిపాడు. మూడోది నిలిచింది. ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని దాని పక్కన అటూ ఇటూ నడిచి చూసి, "ఊఁ" అన్నారు. ఆ ఊఁ విని పొంగిపోయినంతగా మేస్త్రి ఇంకెప్పుడూ పొంగిపోవడం ఆయన భార్య ఎరగదు. ఆమె అక్కడే ఉంది. చూసింది.

వానలు మొదలవడానికి నాలుగు రోజుల ముందు గది పూర్తయింది. గుమ్మం పైన బొమ్మ మాత్రం లేదు. వేసేవాళ్ళు లేరు. సుద్దక్క ఉంటే ఎవరి మొహం వేసేదోనని కాసేపు వాదించుకున్నారు. చివరికి మేస్త్రి రంగు డబ్బా తెచ్చి తనే చీపురు బొమ్మ వేశాడు. అది చేపలా వచ్చింది. ఇద్దరు సంచులు పట్టుకుని వచ్చి, కిలో ఎంతని అడిగి వెళ్ళాక దాని మీద తెల్లసున్నం కొట్టేశారు.

మొదటి రోజు ఎండెక్కేసరికి పదకొండు మందీ వచ్చారు. మేస్త్రి ఇంకా లోపలే ఉన్నాడు. కిటికీ చెక్క సరిగ్గా పడుతోందో లేదో అని మట్టం పెట్టి చూస్తున్నాడు. పిన్ని ఆయన చేయి పట్టుకుని గుమ్మం దాటించింది.

"అయిందా? ఇంక పద."

"ఆ మూల ఒకసారి..."

"నువ్వు కట్టావు, బాగుంది. ఇప్పుడిది ఆడవాళ్ళ గది."

తలుపు పడింది. గడియ కూడా పడింది. లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. ఎవరో ఏదో అన్నారు, అందరూ ఒక్కసారి నవ్వారు. బకెట్టు దేనికీ తగలకుండా పోయిన చప్పుడు ఆయన చెవికి వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, మట్టం కిటికీ మీదే ఉండిపోయింది.

తలుపు తట్టాడు. "పిన్నీ, నా మట్టం లోపలుంది."

"ఉండనీ. ఎక్కడికీ పోదు."

"నాకు వేరేచోట పని ఉంది."

"మేం పడుకుంటున్నాం. లేచాక ఇస్తాం."

మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. లోపల మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. చాప సర్దుకున్న చప్పుడు వచ్చింది. తరువాత అదీ లేదు. రోడ్డు మీంచి అటుగా కూనిరాగం తీసుకుంటూ వస్తున్న టైలరును చూసి, మేస్త్రి పెదవుల మీద వేలు పెట్టాడు.